కాలువ అందని మెరక భూములలో వర్షపు నీటి సేకరణ, పునర్వినియోగం: వినుకొండ ప్రాంతపు పత్తి, మిరప సాగుకు అన్వయం

సారాంశం

గుంటూరు, ప్రకాశం మైదానాలలో నాగార్జునసాగర్ కుడి కాలువ నీరు ఎక్కని మెరక భూములలో పత్తి, మిరప పంటలు నేటికీ వర్షంపైనే ఆధారపడి ఉన్నాయి. ఈ పంటలు ఒకే కాలంలో రెండు విధాలుగా నష్టపోతాయి. భారీ వర్షం కురిసిన రోజున నీరు నిలిచి వేరు ఉక్కిరిబిక్కిరవుతుంది. ఆ తరువాత మూడు వారాలు చినుకు లేకపోతే పూత, గూడ, కాయ రాలిపోతాయి. మొదటి నష్టానికి కారణమైన నీటినే రెండవ నష్టానికి విరుగుడుగా మార్చడం సేద్యపు కుంట ఉద్దేశం. కుంట పరిమాణం, దానికి నీరందించే పరీవాహక విస్తీర్ణం, నష్టాలు, తడి పెట్టవలసిన సమయం అనే నాలుగు అంశాలను లెక్కలతో పరిశీలించి, వినుకొండ వంటి ప్రాంతాలలో సేద్యపు కుంట ఎప్పుడు ఉపయోగపడుతుందో, ఎప్పుడు పడదో ఈ వ్యాసం వివరిస్తుంది. ఇందులోని లెక్కలు నమూనా విలువలతో చేసినవి. ఆయా గ్రామాల కొలతలతో వాటిని తిరిగి వేసుకోవలసి ఉంటుంది.

ఉపోద్ఘాతం

1832–33 నాటి నందన కరువు గుంటూరు సీమ చరిత్రలో చెరగని గుర్తు. ఆ కరువులో లక్షకు పైగా ప్రజలు మరణించారు. ఆ విపత్తు తరువాతి దశాబ్దాలలో కృష్ణానదిపై విజయవాడ వద్ద ఆనకట్ట నిర్మాణానికి బలమైన కారణాలలో ఒకటయింది. 1855 నాటికి ఆ ఆనకట్ట పూర్తి కాగా, డెల్టాలో మాగాణి విస్తరించింది. అయితే పల్నాడు, వినుకొండ వైపు ఉన్న ఎత్తు నేలలకు ఆ నీరు ఎక్కలేదు. వాటిలో కొంత భాగానికి మరో శతాబ్దం తరువాత నీటి యోగం పట్టింది. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ నుండి 1967లో కాలువలకు నీరు విడుదలయింది. కుడి కాలువ గుంటూరు, ప్రకాశం జిల్లాల మెట్ట పొలాల స్వరూపాన్ని మార్చివేసింది.

కాలువ పల్లానికే పారుతుంది. కాలువ మట్టానికి ఎగువన ఉన్న పొలాలు, కాలువ చివరి భూములు, కొండవాలు నేలలు ఆ మార్పుకు వెలుపలే మిగిలిపోయాయి. 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన పల్నాడు జిల్లాలో భాగమైన వినుకొండ ప్రాంతంలో ఈ రెండు పరిస్థితులూ పక్కపక్కనే కనిపిస్తాయి. కాలువ కింద ఒక పొలం తడుస్తుండగా, గట్టుకు ఆవలి పొలం ఆకాశం వైపు చూస్తుంటుంది. నల్లమలలో పుట్టి కంభం, మార్కాపురం మీదుగా ఈ వైపు వచ్చే గుండ్లకమ్మ కూడా వర్షాధారపు నదే. వాన వెలిసిన కొద్ది రోజులకే దాని ప్రవాహం సన్నగిల్లుతుంది.

వాన నీటిని నిలిపి వాడుకోవడం ఈ నేలకు కొత్త విద్య కాదు. ఇదే గుండ్లకమ్మకు అడ్డంగా కొండల నడుమ కట్టిన కంభం చెరువు శతాబ్దాలుగా నిలిచి ఉంది. అంతర్జాతీయ నీటిపారుదల, మురుగునీటి పారుదల సంఘం 2020లో దానిని వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తించింది. చెరువు ఊరంతటికీ ఉమ్మడి ఏర్పాటు. సేద్యపు కుంట అదే సూత్రాన్ని ఒక పొలం స్థాయికి దించుతుంది. స్థాయి తగ్గినప్పుడు సూత్రం మారదు కాని లెక్క మారుతుంది. ఆ లెక్కను విస్మరించి తవ్విన కుంటలే తరువాతి కాలంలో ఎండిన గుంతలుగా కనిపిస్తాయి.

పరిశోధనా నేపథ్యం

మన దేశంలో మెట్ట సేద్యంపై క్రమబద్ధమైన పరిశోధన 1923లో పుణె సమీపంలోని మంజ్రిలో ప్రారంభమయింది. 1930ల నాటికి షోలాపూర్, బీజాపూర్, రాయచూరు, బళ్ళారి జిల్లాలోని హగరి, రోహ్తక్ కేంద్రాలకు ఈ కృషి విస్తరించింది. 1970లో అఖిల భారత సమన్వయ మెట్ట వ్యవసాయ పరిశోధనా పథకం, 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్, 1985లో హైదరాబాదులో కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధనా సంస్థ ఏర్పడ్డాయి. ఎర్ర నేలల సమస్యలపై అనంతపురం కేంద్రం, పత్తి, మిరప పంటలపై గుంటూరు లాం ఫారం చేసిన కృషి రాష్ట్ర రైతులకు సుపరిచితం.

ఈ పరిశోధనల నుండి తేలిన ముఖ్య సూత్రం ఒకటుంది. వర్షపు నీటిని ముందుగా పడిన చోటనే ఇంకించాలి. ఇంకగా మిగిలిన దానిని మాత్రమే కుంటలోకి మళ్ళించాలి. నేలలో నిలిచిన తేమను తోడటానికి ఇంజను అక్కరలేదు, అది కుంట నీటివలె నేరుగా ఎండకు ఆవిరి కాదు. కనుక పొలంలో తేమ సంరక్షణ పనులు చేయకుండా కుంట ఒక్కటే తవ్వడం తలకిందుల పద్ధతి అవుతుంది.

నల్లరేగడి నేల స్వభావం

ఈ ప్రాంతంలో నల్లరేగడి, ఎర్ర నేలలు రెండూ ఉన్నాయి. పత్తి, మిరప సాగులో నల్లరేగడిది ప్రధాన స్థానం. ఈ నేలలో బంకమట్టి ఎక్కువ. ఎండినప్పుడు కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది, తడిసినప్పుడు ఉబ్బి నెర్రెలు పూడుకుపోతాయి. అందువల్ల తొలకరి వానలో నీరంతా నెర్రెల ద్వారా లోనికి పోతుంది. నేల ఒకసారి నిండుగా తడిసిన తరువాత ఇంకుడు వేగం బాగా పడిపోయి, ఆపై కురిసిన వానలో అధిక భాగం పైనుండి పారుతుంది.

ఈ స్వభావం నుండి మూడు విషయాలు అర్థమవుతాయి. మొదటిది, లోతైన నల్లరేగడిలో సమతల కట్టలు అనుకూలం కావు. కట్ట వెనుక నీరు నిలిచి పైరు దెబ్బతింటుంది, ఎండలో కట్టకు బీటలు వారి తరువాతి వానకు తెగుతుంది. స్వల్ప వాలుతో నీటిని నెమ్మదిగా బయటకు నడిపే వాలు కట్టలే ఇక్కడ తగినవి. రెండవది, ఇక్రిశాట్ 1970లలో నల్లరేగడి నేలలకు రూపొందించిన ఎత్తు మడులు, బోదెల పద్ధతి ఈ సమస్యకు సరిపోతుంది. సుమారు 100 సెం.మీ. వెడల్పు మడి, 50 సెం.మీ. బోదె, 0.4 నుండి 0.8 శాతం వాలు దాని ప్రధాన కొలతలు. మడి మీద పైరు వేరు గాలి పీలుస్తుంది, బోదె మిగులు నీటిని కుంట వైపు నడుపుతుంది. మూడవది, కుంటకు నీరు చేరే కాలం తొలకరి కాదు, నేల తడిసి ఉన్న ఆగస్టు నుండి అక్టోబరు వరకు.

పరీవాహకం నుండి ఎంత నీరు వస్తుంది?

ఒక హెక్టారుపై 1 మి.మీ. వర్షం కురిస్తే 10 ఘనపు మీటర్లు, అంటే 10,000 లీటర్ల నీరు. ఎకరానికి ఇది సుమారు 4,047 లీటర్లు. ఇందులో కుంటకు చేరేది ఎంత అన్నది వర్షపు పరిమాణం, తీవ్రత, నేల తేమ, వాలు, పైరు కప్పు మీద ఆధారపడి ఉంటుంది. మొత్తం వర్షపాతంలో ఇంత శాతం అని ఒకే అంకె వేసుకోవడం తప్పుదారి పట్టిస్తుంది. విద్యార్థులు కర్వ్ నంబరు పద్ధతిని అభ్యసించడం మంచిది.

ముందుగా నేల గరిష్ఠ నిలుపుదలను కట్టాలి: ని = (25,400 ÷ కర్వ్ నంబరు) − 254. మన దేశపు నల్లరేగడి నేలలు మధ్యస్థంగా గాని పూర్తిగా గాని తడిసి ఉన్నప్పుడు ఉపరితల ప్రవాహం: ప్ర = (వ − 0.1 ని)² ÷ (వ + 0.9 ని). నేల పొడిగా ఉన్నప్పుడు 0.1 బదులు 0.3, 0.9 బదులు 0.7 వాడాలి. ఇక్కడ ‘వ’ వర్షం, ‘ప్ర’ ప్రవాహం, అన్నీ మి.మీ.లలోనే.

వరుస పైరు ఉన్న నల్లరేగడికి కర్వ్ నంబరు 85 అనుకుంటే ‘ని’ విలువ 44.8 మి.మీ. అవుతుంది. మధ్యస్థంగా తడిసి ఉన్న ఈ నేలపై ఒకే రోజు 60 మి.మీ. కురిస్తే సుమారు 30.7 మి.మీ. పారుతుంది. 30 మి.మీ. కురిస్తే 9.3 మి.మీ., 20 మి.మీ. కురిస్తే 4 మి.మీ. మాత్రమే పారుతుంది. అంటే అదే 60 మి.మీ. వర్షం మూడు విడతలుగా 20 మి.మీ. చొప్పున వస్తే కుంటకు చేరేది మొత్తం 12 మి.మీ. లోపే.

నేల పొడిగా ఉన్న జూన్‌లో అదే పొలం కర్వ్ నంబరు 70కి తగ్గుతుంది. ‘ని’ 108.9 మి.మీ. అవుతుంది. అప్పుడు 60 మి.మీ. వాన పడినా పారేది 5.5 మి.మీ. మాత్రమే. ఒకే పొలం, ఒకే వాన, కాని ఫలితంలో అయిదు రెట్లకు పైగా తేడా. జూన్‌లో కుంట నిండలేదని రైతు నిరాశపడినప్పుడు విస్తరణ శాస్త్రవేత్త చూపవలసిన లెక్క ఇదే.

కుంటలో నిజంగా ఎంత పడుతుంది?

క్షేత్రస్థాయిలో తరచుగా జరిగే పొరపాటు పొడవు, వెడల్పు, లోతులను గుణించి సామర్థ్యం చెప్పడం. 10 × 10 × 2.5 మీటర్ల కుంటను 250 ఘనపు మీటర్లని లెక్కించడం ఇందుకు ఉదాహరణ. కుంట గోడలు నిటారుగా ఉండవు, ముఖ్యంగా నల్లరేగడిలో ఉండలేవు. ఉబ్బి కుంచించుకుపోయే మట్టి ఏటవాలు లేకపోతే జారి కుంటలోనే పడుతుంది. అందుచేత ఈ నేలలకు 1.5:1 వాలు, అంటే ఒక మీటరు లోతుకు మీటరున్నర వెడల్పు, అవసరం.

సరైన సామర్థ్యానికి సూత్రం: (పై వైశాల్యం + నాలుగు రెట్ల మధ్య వైశాల్యం + అడుగు వైశాల్యం) ÷ 6 × లోతు. దీని ప్రకారం పై కుంటకు 1:1 వాలు ఇస్తే 146 ఘనపు మీటర్లు, 1.5:1 వాలు ఇస్తే 109 ఘనపు మీటర్లు మాత్రమే వస్తాయి. నోటి లెక్కలోని 250లో సగం కూడా కాదు.

అదే 17 × 17 × 3 మీటర్ల కుంటకు 1.5:1 వాలుతో అడుగు 8 × 8 మీటర్లు, మధ్య 12.5 × 12.5 మీటర్లు అవుతుంది. సామర్థ్యం (289 + 625 + 64) ÷ 6 × 3 = 489 ఘనపు మీటర్లు. పై వైశాల్యం మొదటి కుంటకు మూడు రెట్ల లోపే, నిల్వ మాత్రం నాలుగున్నర రెట్లు. చిన్న కుంటలో ఎక్కువ భాగాన్ని వాలు గోడలే తినివేస్తాయి.

ఈ 489 ఘనపు మీటర్లు ఒక్క 60 మి.మీ. వానతో, తడిసిన నేల నుండి నిండాలంటే సుమారు 1.6 హెక్టార్ల, అంటే నాలుగు ఎకరాల పరీవాహకం కావాలి. 30 మి.మీ. వానతో నిండాలంటే 5.3 హెక్టార్లు కావాలి. నెగెవ్ ఎడారిలో ప్రాచీనులు ఒక చిన్న పొలం తడపడానికి దానికి ఇరవై రెట్ల కొండవాలును పరీవాహకంగా వాడుకున్నారు. మన ప్రాంతంలో అంత అవసరం లేకపోయినా, రెండెకరాల రైతు కుంట నిండటానికి పొరుగు రైతు పొలంలో కురిసిన వాన కూడా కావాలన్నది లెక్క చెప్పే సత్యం. కుంటకు చోటు ఎంచుకోవడం కాగితం మీది గట్లను బట్టి కాక, నీరు నడిచే దారిని బట్టి జరగాలి. వాన పడుతుండగా పొలం తిరిగి నీటి దారి చూడటం కంటె మంచి సర్వే లేదు.

స్థల పరీక్ష, నిర్మాణం

తవ్వకానికి ముందు కుంట లోతుకు మించి నేల పొరలను పరీక్షించాలి. పైన రేగడి ఉన్నా, రెండు మీటర్ల కింద మొరం గాని, శిథిల శిల గాని తగిలితే కుంట జల్లెడ అవుతుంది. వినుకొండ పరిసరాలలో కొండరాతి శిథిలాలపై రేగడి పొర మందం పొలం పొలానికీ మారుతుంది కనుక ఈ పరీక్ష తప్పనిసరి. మొరం తగిలిన చోట లోతు తగ్గించి వైశాల్యం పెంచడం ఒక మార్గం, అడుగుకు పూత వేయడం మరొకటి. ఎర్ర నేలలకు అనంతపురం కేంద్రం 6 పాళ్ళ మట్టికి 1 పాలు సిమెంటు కలిపిన పూతను సిఫారసు చేసింది. 500 మైక్రాన్ల ప్లాస్టిక్ పొర కూడా వాడుకలో ఉంది. లోతైన రేగడిలో సాధారణంగా పూత అవసరం లేదు. ఏటా చేరే సన్నని ఒండ్రే అడుగును కొంతవరకు మూసివేస్తుంది.

నీరు ప్రవేశించే చోట ముందుగా ఒక ఒండ్రు గుంత తవ్వి, అక్కడ నీటి వేగం తగ్గేలా చూడాలి. కుంట లోనికి దిగే దారికి రాళ్ళు పేర్చాలి. మిగులు నీరు పోయే అలుగు కట్ట పైమట్టం కంటె తక్కువ ఎత్తులో ఉండి, గడ్డి పెంచిన కాలువలో కలవాలి. తవ్విన మట్టిని అంచునే కుప్ప వేయకుండా మీటరుకు పైగా ఖాళీ విడిచి కట్టగా వేయాలి. ఖాళీ, కట్టలతో కలిపి 17 మీటర్ల కుంట సుమారు 25 × 25 మీటర్ల చోటును, అంటే దాదాపు 15 సెంట్లను ఆక్రమిస్తుంది. ఈ భూమి విలువను కూడా ఖర్చులో చేర్చాలి.

మూడు మీటర్ల లోతున నీరు, జారే బంకమట్టి గోడలు పిల్లలకు, పశువులకు ప్రాణాపాయం. కంచె, ఒక వైపు దిగేందుకు మెట్లు, పట్టుకుని ఎక్కటానికి కట్టిన తాడు నిర్మాణపు అంచనాలోనే ఉండాలి గాని, ప్రమాదం జరిగిన తరువాత తోచేవి కాకూడదు.

నష్టాలు: దాచిన నీరు నిలువదు

కుంట నీరు రెండు దారులలో పోతుంది: ఆవిరి, ఊట. ఈ రెండింటినీ కొలవడం కష్టం కాదు. రంగు గీతలు వేసిన కొలబద్దను కుంటలో పాతి, వాన లేని రోజులలో ఉదయం ఒకే వేళకు మట్టం నమోదు చేయాలి. సమీప పరిశోధనా స్థానపు పాన్ ఆవిరి విలువను 0.7తో గుణిస్తే కుంట ఆవిరి తెలుస్తుంది. మొత్తం తగ్గుదలలో దానిని తీసివేస్తే మిగిలినది ఊట.

రోజుకు మొత్తం 10 మి.మీ. మట్టం తగ్గుతుందనుకుంటే, నిండు కుంట నెల రోజులలో 30 సెం.మీ. దిగుతుంది. 489 ఘనపు మీటర్లలో సుమారు 82 పోయి 407 మిగులుతాయి. రెండు ఎకరాలకు 50 మి.మీ. తడి ఒకటి ఇవ్వడానికి కావలసినది 405 ఘనపు మీటర్లు. రోజుకు 40 మి.మీ. తగ్గే మొరం అడుగు కుంటలో నెల తరువాత మిగిలేది సుమారు 210 ఘనపు మీటర్లు, అంటే ఎకరానికి ఒక్క తడి. మొదటి దానిలో ఆరవ వంతు పోతే రెండవ దానిలో సగానికి పైగా పోయింది. స్థల పరీక్షకు వెచ్చించే ఒక్క రోజు విలువ ఈ తేడాలోనే ఉంది.

10 మీటర్ల చిన్న కుంటలో, రోజుకు 10 మి.మీ. చొప్పున తగ్గినా, 109లో 27 పోయి 82 మిగులుతాయి. అది 40 సెంట్లకు ఒక తడి మాత్రమే. దానిని రెండెకరాల పంటకు భరోసా అని చెప్పడం రైతును మభ్యపెట్టడమే అవుతుంది. అయితే చిన్న కుంట నిరర్థకం కాదు. దాని పని వేరు. 60 × 60 సెం.మీ. దూరంలో ఎకరాకు సుమారు 11,240 మిరప మొక్కలు పడతాయి. నాటిన రోజున మొక్కకు అరలీటరు పోసినా 5.6 ఘనపు మీటర్లు చాలు. ఎకరాకు 200 లీటర్ల చొప్పున పది పిచికారీలకు 2 ఘనపు మీటర్లు చాలు. ట్యాంకరుతో నీరు తోలించుకునే చోట ఈ కొద్ది నీరే ఖర్చును, అంతకంటె ముఖ్యంగా అదనును కాపాడుతుంది. మందు కలిపే నీటిని తేర్చి వాడాలి. బురదలోని బంకమట్టి కొన్ని రసాయనాలను పట్టి ఉంచి వాటి పనితీరును తగ్గిస్తుంది.

తడి ఎప్పుడు పెట్టాలి?

పత్తికి పూత, కాయ ఏర్పడే దశలు, మిరపకు పూత, కాయ ఎదిగే దశలు నీటికి కీలకం. జూన్ చివర, జూలైలలో విత్తిన పత్తి సెప్టెంబరు, అక్టోబరులలో ఈ దశలో ఉంటుంది. ఆగస్టు, సెప్టెంబరులలో నాటిన మిరపకు ఇది అక్టోబరు చివర మొదలై సంక్రాంతి దాటే వరకు సాగుతుంది. ఈశాన్య రుతుపవనం ముగిసిన తరువాత వాన ఆశ లేదు కనుక కుంట చివరి నింపుడు మిరపకే ఎక్కువ అక్కరకు వస్తుంది.

ఇక్కడ రైతు ఎదుర్కొనే సందిగ్ధం సులభమైనది కాదు. సెప్టెంబరులో బెట్ట వచ్చినప్పుడు నీరు వాడితే తరువాత ఏమవుతుందోనన్న భయం. వాడకపోతే కళ్ళ ముందే గూడ రాలుతుంది. లెక్క ఒక దారి చూపుతుంది. అక్టోబరు, నవంబరు నెలలలో అల్పపీడనాలు, తుపానుల వల్ల భారీ వర్షాలకు అవకాశం ఉన్న ప్రాంతమిది. నిండిన కుంట కొత్త నీటిని పట్టలేదు. ఖాళీ అయిన కుంట పట్టగలదు. సెప్టెంబరు బెట్టలో ఒకసారి వాడి, అక్టోబరు వానకు మళ్ళీ నింపుకున్న కుంట రెండు కుంటల పని చేస్తుంది. దాచి ఉంచిన కుంటలో నెలకు 80 ఘనపు మీటర్లు ఎవరికీ ఉపయోగపడకుండా పోతాయి. అందువల్ల ఆ నెలలో పైరు కీలక దశలో ఉండి, రెండు వారాలుగా వాన లేక, వాతావరణ శాఖ సూచనలో తక్షణ వర్షం కనిపించకపోతే నీరు వాడటమే మేలు. నవంబరు తరువాతి నీటికి మాత్రం ఈ సూత్రం వర్తించదు. అప్పుడు పొదుపే ధర్మం.

తడి పెట్టే పద్ధతి కూడా ముఖ్యం. నెర్రెలు విచ్చిన తరువాత నీరు పెడితే అది వేరును తాకకుండా నెర్రెల గుండా లోతుకు జారిపోతుంది. అంతకు ముందే గుంటక తోలి పైమట్టిని గుల్ల చేస్తే నెర్రెలు పూడి తేమ నిలుస్తుంది. పొలమంతా పారించకుండా సాలు విడిచి సాలుకు పెట్టడం, బిందు సేద్యం, తుంపర పరికరాలు ఇదే నీటిని ఎక్కువ విస్తీర్ణానికి అందిస్తాయి. 40 మి.మీ. చొప్పున ఇస్తే 400 ఘనపు మీటర్లతో ఒక హెక్టారు తడుస్తుంది. మొత్తం పొలానికి చాలనప్పుడు అందరికీ కొంచెం అన్నట్లు పంచకుండా, పైరు బాగా ఉన్న భాగానికి పూర్తి తడి ఇవ్వడం ఫలదాయకం.

అధిక వర్షంలో కుంట చేసే మేలు

కుంట ప్రయోజనాన్ని బెట్టలోనే చూడటం అసంపూర్ణం. పత్తి, మిరప రెండూ నీటి నిల్వను తట్టుకోలేవు. తుపాను వానకు నీరు నిలిచిన పత్తి హఠాత్తుగా వడలిపోతుంది, మిరపకు వేరుకుళ్ళు, ఎండు తెగుళ్ళు సోకుతాయి. బోదెలు, వాలు కట్టలు, కుంట ఒకే వ్యవస్థగా ఉన్న పొలంలో నీరు గంటలలో బయటపడుతుంది. కుంట పొలంలో అన్నిటికంటె పల్లంగా ఉన్నప్పుడే ఇది సాధ్యం. పొలం మూలలో మెరక మీద, పని సులువని తవ్విన కుంట వరదలోను, బెట్టలోను కూడా అక్కరకు రాదు.

హక్కులు, బాధ్యతలు

నీటి సేకరణ సాంకేతిక విషయమే కాదు. రాష్ట్రంలో 2000లో నీరు-మీరు, 2015లో నీరు-చెట్టు కార్యక్రమాలు సాగాయి. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైన ఉపాధి హామీ పథకం గ్రామీణులకు కూలీ పని కల్పిస్తూ సేద్యపు కుంటల తవ్వకానికి ముఖ్య ఆధారమయింది. అయితే సంఖ్య లక్ష్యమైనప్పుడు స్థలం ఎంపిక వెనుకబడే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. కుంటను తవ్విన గుంతగా కాక, నీరు పట్టి తడి ఇచ్చిన ఎకరాలతో లెక్కించడం అలవాటు కావాలి.

గుంటూరు, ప్రకాశం మైదానాలలో మిరప, పత్తి సాగుదారులలో కౌలుదారులు అనేకులు. 2019 నాటి ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారుల హక్కుల చట్టం కింద సాగు ఒప్పందం పదకొండు నెలలకు జరుగుతుంది. కుంట ఫలితం ఏళ్ళ తరబడి వచ్చేది. పదకొండు నెలల సాగుదారు కుంట తవ్వలేడు. తవ్వగల యజమానికి బెట్ట నష్టం నేరుగా తాకదు. కౌలు ముందే స్థిరపడి ఉంటుంది కనుక నష్టమంతా సాగుదారుదే. ఈ చిక్కును గుర్తించకుండా ఎంత శిక్షణ ఇచ్చినా కుంటలు అవసరమైన చోట రావు. యజమాని స్థలం, ప్రభుత్వ పథకపు తవ్వకం, కౌలుదారుకు నీటి వాడకం అనే మూడింటినీ గ్రామసభలో ముందుగా మాట్లాడించడం విస్తరణ సిబ్బంది చేయగల పని.

రెండవ బాధ్యత దిగువ వారి పట్ల. ఎగువన ప్రతి వాలులోను కుంట తవ్వితే తక్కువ వాన సంవత్సరంలో దిగువ చెరువుకు నీరు చేరకపోవచ్చు. ఒక పరీవాహకంలో ఎన్ని కుంటలు తగునో సాధారణ సంవత్సరపు ప్రవాహంతో కాక, లోటు సంవత్సరపు ప్రవాహంతో లెక్క కట్టాలి. మహారాష్ట్రలో కొన్ని చోట్ల ప్లాస్టిక్ పరిచిన పెద్ద కుంటలను బావుల నుండి తోడి నింపుతున్నారు. అది వాన నీటి సేకరణ కాదు; భూగర్భజలాన్ని ఎండకు ఆరబెట్టడం. 2002 నాటి జల, భూమి, వృక్ష పరిరక్షణ చట్టపు స్ఫూర్తికి ఇది విరుద్ధం. ఇక్కడ ఆ పోకడ రాకుండా చూడాలి.

క్షేత్ర నమోదు

విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థులు ఒక గ్రామంలో అయిదారు కుంటలను ఎంచుకుని ఒక సంవత్సరం పాటు ఈ వివరాలు నమోదు చేయడం ప్రయోజనకరం: ప్రతి వానరోజు వర్షపాతం, వానకు ముందు, తరువాత కుంట మట్టం, వాన లేని రోజులలో మట్టం తగ్గుదల, నీరు తోడిన తేదీ, గంటలు, తడిసిన విస్తీర్ణం, ఆనాటి పైరు దశ, తడిసిన, తడవని భాగాల దిగుబడులు వేరువేరుగా, వేసవిలో తీసిన ఒండ్రు. మొదటి రెండు వివరాల నుండి ఆ పరీవాహకపు నిజమైన కర్వ్ నంబరును వెనుకకు లెక్కించవచ్చు. పుస్తకపు 85కు, పొలపు విలువకు మధ్య తేడా ఉంటే పొలపు విలువనే నమ్మాలి.

ముగింపు

కాలువ ఎక్కని నేలకు వాన తప్ప మరో వనరు లేదు. ఆ వాన సంవత్సరమంతా చాలినంత కురిసినా, కావలసిన రోజున కురవదు. సేద్యపు కుంట ఆ రెండు రోజుల మధ్య వంతెన వంటిది. నాలుగు ఎకరాల పరీవాహకం, 17 మీటర్ల కుంట, ఊట లేని అడుగు, అదనుకు పెట్టిన ఒక తడి — ఈ నాలుగూ కలిసినప్పుడు రెండు ఎకరాల పంట ఒక బెట్టను దాటుతుంది. అంతకు మించి ఆశ పెట్టకూడదు. మిరప వంటి పంటపై రైతు పెట్టుబడి భారీది కనుక, ఒక్క బెట్టను దాటడమే ఆ ఏటి అప్పు తీరడానికి, తీరకపోవడానికి మధ్య తేడా కావచ్చు. కుంట తవ్వమని చెప్పేముందు ఆ పొలంలో నీరు ఎటు పారుతుందో, అడుగున ఏ మట్టి ఉందో, ఆ భూమిని ఎవరు సాగు చేస్తున్నారో తెలుసుకోవడం శాస్త్రవేత్త మొదటి కర్తవ్యం.